కారు చప్పుడు మారిందా? కాస్త చెవి ఒగ్గండి!

మిక్సీ జారులో బుష్ అరిగిందని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టేది ఎవరండీ? మీరే. కుక్కరు ఆవిరి విజిల్లోంచి కాకుండా రబ్బరు పక్కనుంచి పోతోందని పక్కగదిలోంచే పసిగట్టేది ఎవరు? మీరే. అపార్టుమెంటులో బోరు మోటారు నీళ్ళు లాగకుండా ఊరికే తిరుగుతుంటే, ఆ గొంతు మార్పు విని ‘‘మోటారు కట్టెయ్యి బాబూ, కాలిపోతుంది’’ అని బాల్కనీలోంచి వాచ్‌మన్‌ని కేకేసేదీ మీరే. మరి అంత పదునైన చెవి కారెక్కగానే ఎందుకు మూసుకుపోతుంది? ‘‘మనకేం తెలుసు, అది మగవాళ్ళ వ్యవహారం’’ అనుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాం. అవునా, కాదా?

మూసాపేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. వాళ్ళబ్బాయికి మాధాపూర్‌లో ఉద్యోగం. కిందటి దసరాకి ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్‌లో టర్బో కారు కొనుక్కున్నాడట. చూడ్డానికి చిన్నదే, పికప్ మాత్రం విమానమేనట! నెల్లాళ్ళుగా అందులోంచి ‘ఊఁ...’ అని ఒక మూలుగు. సర్వీసు సెంటరులో చూపిస్తే గేర్‌బాక్సు విప్పాలి, లక్షన్నర దాకా అవుతుందన్నారు. వీధి చివరి మెకానిక్ నాలుగు టైర్లూ మార్చమన్నాడు. అబ్బాయి స్నేహితుడేమో ‘‘స్పోర్ట్స్ కార్లు అంతే ఆంటీ, అలాగే అరుస్తాయి’’ అని తేల్చేశాడు. ‘‘వారానికి రెండుసార్లు మా అత్తగారిని డయాలసిస్‌కి ఆ కారులోనే తీసుకెళ్ళాలి. దారిలో ఏమైనా అయితే? లక్షన్నర పోశాక కూడా చప్పుడు పోకపోతే? ముగ్గురిలో ఎవరి మాట నమ్మమంటారు?’’ అని అడిగారావిడ.

ముగ్గురి మాటా కాస్త పక్కన పెట్టండి. ముందు ఆ చప్పుడు ఏమంటోందో విందాం.

ఈ రకం కార్లు మన ఇళ్ళల్లోకి వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది. 2017లో మారుతి బలేనో ఆర్ఎస్, 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాయి. కూరగాయల సంచి పట్టేంత డిక్కీ, కింద మాత్రం పరుగుపందెం గుర్రం. ఇందులో పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు కొనేవాళ్ళు సెకండ్‌హ్యాండ్‌లోనే కొనాలి. ఇలాంటి బండ్లకి గట్టి స్ప్రింగులుంటాయి, వెడల్పు టైర్లుంటాయి, బ్రేకులు పెద్దవి. వాటికి పుట్టుకతో వచ్చిన చప్పుళ్ళు కొన్ని ఉన్నమాట నిజమే. అసలు చిక్కంతా అక్కడే. పుట్టుకతో వచ్చిన చప్పుడుకి జబ్బని భయపడి డబ్బు పోసేవాళ్ళు కొందరు. నిజంగా జబ్బు చేసి మూలుగుతుంటే ‘‘స్పోర్ట్స్ కారు అంతే’’ అని ఊరుకునేవాళ్ళు ఇంకొందరు. ‘‘అంతే’’ అనేది జవాబు కాదండీ. పిల్లాడు ఏడుస్తుంటే ‘‘పిల్లలు అంతే’’ అని ఊరుకుంటామా? ఆకలా, నిద్రా, చెవిపోటా అని చూస్తాం కదా!

చూడవలసింది ‘ఎలాంటి చప్పుడు’ అని కాదు, ‘ఎప్పుడు’ అని. కారు నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి అబ్బాయిని కాస్త రేస్ చేయమనండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టమనండి. సెల్లారులో వద్దు, పొగ నిండుతుంది. బయట చేయండి. చప్పుడు అక్కడే వచ్చి, రేస్‌తో పాటు పెరిగితే అది ఇంజను వైపుది. నిలబడ్డప్పుడు కిక్కురుమనకుండా, కదిలాకే మొదలై, వేగంతోపాటు పెరిగిందంటే చక్రాల వైపుది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు పోతాయి. పైసా ఖర్చు లేదు.

మూసాపేట సోదరి కారు నిలబడితే మూలగడం లేదట. నలభై దాటాక మొదలై, అరవైకి గట్టిగా వినిపిస్తుందట. అంటే చక్రాల వైపు. ఇప్పుడు ముగ్గురు అనుమానితులు మిగిలారు. గేర్‌బాక్సు, టైర్లు, చక్రం బేరింగు. టైరు గొంతు రోడ్డునిబట్టి మారుతుంది. సిమెంటు రోడ్డు మీద గట్టిగా, కొత్త తారు మీద మెత్తగా వినిపిస్తుంది. గేర్‌బాక్సు గొంతు సాధారణంగా కాలినిబట్టి మారుతుంది. ఎక్సలేటరు తొక్కితే ఒక రకం, వదిలితే ఇంకో రకం. బేరింగుకి ఈ రెండూ పట్టవు. తారైనా సిమెంటైనా, తొక్కినా వదిలినా ఒకటే మూలుగు. దానికి తెలిసింది వేగం, బరువు. కారు ఎడమకి వంగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, కుడికి వంగితే ఎడమ చక్రాల మీద. అరిగిన బేరింగు మీద బరువు పడగానే మూలుగు పెరుగుతుంది.

ఆవిడ ఉత్తరం చివర్లో, తనకే తెలియకుండా, అసలు సంగతి రాసేశారు. ‘‘రోడ్డు ఎడమకి తిరిగినచోట ఎక్కువవుతుంది, మాధాపూర్ వైపు కొత్త తారు రోడ్డు మీద కూడా తగ్గదు’’ అని. వెంటనే ఫోన్ చేసి చెప్పాను. గేర్‌బాక్సు జోలికి వెళ్ళొద్దు, ముందు కారుని లిఫ్ట్ మీద ఎక్కించి కుడి చక్రం చేత్తో తిప్పి చూడమనండి అని. తిప్పుతూ ఇంకో చెయ్యి ఆ చక్రం స్ప్రింగు మీద ఆనిస్తే, బేరింగు లోపల గరుకెక్కితే ఆ గరగర చేతికి తెలుస్తుంది. మొన్న ఆవిడ మళ్ళీ మాట్లాడారు. ముందు కుడి చక్రం బేరింగే. మార్చారు, మూలుగు పోయింది. ఖర్చు లక్షన్నరలో పదోవంతు కూడా కాలేదట. ‘‘ఎడమకి తిరిగితే అని నేను చెబితే ఆ సెంటరులో ఎవరూ రాసుకోలేదండీ’’ అన్నారు. రాసుకోరు. మనమే రాసివ్వాలి. ఆ మాటకి మళ్ళీ వస్తాను.

బేరింగుని చిన్నచూపు చూడకండి. నెలల తరబడి వదిలేస్తే వేడెక్కుతుంది, చక్రం ఊగడం మొదలెడుతుంది. మన అవుటర్ రింగు రోడ్డు మీద 2023 నుంచి 120 దాకా వెళ్ళనిస్తున్నారు. ఆ వేగంలో చక్రం మొరాయిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? అన్నట్టు, ‘చప్పుడు పరీక్ష’ పేరుతో అబ్బాయిని 120కి ఉరికించనివ్వకండి. అరవైలో వినిపించనిది వినడానికి నూటిరవై అక్కర్లేదు. వాళ్ళకి వంక దొరికితే చాలు!

ఇంకో మంచి వినికిడి చోటు మన సెల్లారు పార్కింగ్. చుట్టూ గోడలుంటాయి కనుక చప్పుడు తిరిగి మనకే కొడుతుంది. ఇరుకు మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదులుతుంటే ‘టక్ టక్ టక్’మని గింజలు నమిలినట్టు వినిపిస్తోందా? అది ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు చివర ఉండే కీలు, షెడ్డువాళ్ళు సీవీ జాయింట్ అంటారు. దాని మీద రబ్బరు తొడుగు చిరిగితే లోపలి గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి పోతుంది. చక్రం లోపలివైపు నల్లగా గ్రీజు చిమ్మి ఉందేమో వంగి చూడండి. టక్ టక్ మొదలవకముందే చూసుకుంటే తొడుగు, గ్రీజుతో సరిపోతుంది. మొదలయ్యాక జాయింటే మార్చాలి.

కాలనీల్లో స్పీడ్‌బ్రేకర్లకి కొదవ లేదు కదా. దిగినప్పుడల్లా ‘ధబ్’మంటే సస్పెన్షన్‌లో లింకు రాడ్లు, బుష్‌లు ముందు చూడాలి. చవకైనవి అవే. షాకబ్జర్లు మార్చాలని మొదటి మాటగా అంటే, లింకు రాడ్లు చూశారా అని మీరు అడగండి. ఈ కార్లు కిందికి ఉంటాయి కనుక, స్పీడ్‌బ్రేకరు గీరుకుని అడుగున ఉన్న ప్లాస్టిక్ తొడుగు వేలాడి రోడ్డుకి రాసుకోవడం మామూలే. రెండు క్లిప్పులు పెడితే పోతుంది. సైలెన్సరు పైన కప్పి ఉండే రేకు వదులైతే బండి నిలబడ్డప్పుడు డబ్బాలో చిల్లర ఆడించినట్టు గలగలమంటుంది. దానికీ ఒక క్లాంపు చాలు. రెండిటికీ పెద్ద పెద్ద పేర్లు చెప్పి భయపెట్టేవాళ్ళున్నారు.

బ్రేకుల సంగతి వేరు. వాన కురిసిన మర్నాడు పొద్దున్నే మొదటి రెండు బ్రేకులకి ‘గర్ర్’మంటే భయం లేదు. డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టిన తుప్పు పొర రాలుతోంది, అంతే. పందెం రకం గట్టి ప్యాడ్లు వేసి ఉంటే చల్లగా ఉన్నప్పుడు కాస్త కీచుమనడమూ ఉంది. రోజంతా కీచుమంటూ ఉంటే మాత్రం ప్యాడ్లు అరిగాయన్నమాట. చాలా కార్లలో ఇందుకోసమే ప్యాడ్‌కి చిన్న రేకు పెడతారు. అరగ్గానే అది డిస్కుకి తగిలి అరుస్తుంది. గ్యాసుకి వాసన కలిపినట్టే ఇదీను, మనల్ని హెచ్చరించడానికే. ఆ కీచు కాస్తా ఇనుము ఇనుముతో రాసుకునే గరగరగా మారిందంటే బండి అక్కడే ఆపి షెడ్డుకి ఫోన్ చేయండి. ఒక్కోసారి డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుని ప్రాణం పోతున్నట్టు అరుస్తుంది. రాయి తీస్తే సరి. దానికి బిల్లు వేస్తే మాత్రం ఊరుకోకండి.

ఇక టర్బో. పేరు విని హడలిపోనక్కర్లేదు. ఇంజను వదిలే పొగ తోపుకి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకే రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజనులోకి కుక్కుతుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ బలం. అంతే కిటుకు. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ పలచని ఆయిలు పొర మీద. తొక్కినప్పుడు సన్నని ఈల, కాలు తీసినప్పుడు ‘స్స్’మని నిట్టూర్పు, ఇవి టర్బోకి సహజం. తొక్కినప్పుడు గట్టిగా బుస కొడుతూ, పికప్ కూడా తగ్గితే ఎక్కడో గాలి గొట్టం ఊడిందో, పగిలిందో. మన కుక్కరు రబ్బరు పక్కనుంచి ఆవిరి పోయినట్టే. ఈల కాస్తా అంబులెన్సు సైరన్‌లా పైకి పోతోందా? సైలెన్సరులోంచి నీలం పొగ కూడా వస్తోందా? అయితే ఆ ఇరుసు అరుగుతోంది. నడపడం ఆపి చూపించాలి. ఆయిలు గడువుకి మార్చకపోవడమే దీనికి తరచు కారణం. కొన్న పాత కారు సర్వీసు పుస్తకం తెరిచి చూడండి. ఇంటి లెక్కలు రాసే చెయ్యి మీది, ఏ నెలలో ఎగ్గొట్టారో ఇట్టే దొరుకుతుంది.

పాత బండిలో ఇంకో అనుమానం కూడా పెట్టుకోండి. మునుపటి యజమాని సైలెన్సరు మార్చాడేమో, పికప్ కోసం కంప్యూటరులో ఏదైనా కెలికాడేమో. కుర్రకారుకి అదో సరదా. అలాంటి సైలెన్సరుకి పోలీసులూ ఊరుకోరు, తేడా వస్తే వారంటీ వాళ్ళూ ఊరుకోరు.

ఇంజను నుంచి కుట్టుమిషను లాంటి ‘టికటిక’ సన్నగా, ఎప్పుడూ ఒకేలా వస్తుంటే చాలాసార్లు అది పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల చప్పుడే. వదిలేయండి. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్‌టిక్‌మని వేడెక్కాక పోతే పొగ గొట్టం అతుకులో సన్నని లీకు కావచ్చు. ఇనుము వేడికి ఉబ్బి సందు మూసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో ఈడుస్తున్నప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు వినిపిస్తే మాత్రం వదలకండి. పెట్రోలు వేళకి ముందే మండుతోందన్నమాట. గేరు తగ్గించమనండి. ట్యాంకు మూత లోపల ఏ ఆక్టేన్ పెట్రోలు పోయాలో రాసి ఉంటుంది, అది చూసి పోయించండి. అయినా పోకపోతే చూపించాలి. టర్బో ఇంజనుకి ఇది పిస్టన్లు పగలగొట్టేంత ప్రమాదం.

ఏసీ వేస్తే వచ్చి, ఆపితే పోయే చప్పుడు ఏసీదే. డాష్‌బోర్డు వెనక నీళ్ళు గుడగుడమంటే కూలెంట్ తగ్గి గాలి చేరిందేమో చూడాలి. చల్లారాకే సుమా! అక్కడా కుక్కరు సూత్రమే. నీళ్ళు ఒత్తిడిలో ఉండబట్టే 100 డిగ్రీలు దాటినా మరగవు. వేడి మీద మూత తిప్పారో, మొహం మీదికి చిమ్ముతాయి. బోనెట్ ఎత్తి వినాలనిపిస్తే పైట బిగించి, జడ వెనక్కి వేసి, దూరంగా నిలబడండి. ఇంజను కట్టేసినా ఫ్యాను తనంతట తనే తిరగడం మొదలెట్టవచ్చు.

లోపలి చప్పుడు మెకానిక్కు ఎలా వింటాడో తెలుసా? డాక్టరుగారి స్టెతస్కోపు లాంటిదే వాడతాడు. 1816లో ఫ్రాన్సులో లెనెక్ అనే డాక్టరు ఒక స్త్రీ గుండె వినడానికి కాగితం చుట్ట చుట్టి గొట్టంలా పట్టుకున్నాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. రెండు వందల ఏళ్ళ తర్వాత అది ఇంజను గుండె మీద కూడా ఆనుతోంది. మనకి అంత అక్కర్లేదు. కిటికీ అద్దాలు దించి, పొడుగాటి ప్రహరీ గోడ పక్కన మెల్లగా పోనిమ్మనండి. ఆ వైపు చక్రాల చప్పుడు గోడకి తగిలి స్పష్టంగా వినిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు రెండో వైపు. మూసాపేట మెయిన్ రోడ్డులో, మెట్రో స్తంభాల కింద ఆ ట్రాఫిక్‌లో మాత్రం ప్రయత్నించకండి. ఆదివారం పొద్దున్న లోపలి వీధిలో చేయండి.

వెనక సీటు చప్పుళ్ళు వినేది ఎలాగూ మనమే. నడిపేవాడికి రోడ్డు మీద ధ్యాస. అయితే వెతకడానికి ముందు డిక్కీ ఖాళీ చేయండి. జాకీ, స్టెప్నీ కింద పానాలు, తలుపు అరలో స్టీలు గ్లాసు, సీటు కింద దొర్లే నీళ్ళ సీసా, వీటికే సగం ‘చప్పుడు జబ్బులు’ నయమవుతాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, గుర్తుందా? గర్జన లేదు, ఈల తప్ప. మీ ఇంటికి కరెంటు కారు వస్తే ఇంజను రొద కప్పదు కనుక ఈ చిన్న చప్పుళ్ళన్నీ ఇంకా బాగా వినిపిస్తాయి.

సరే, ఇందాక రాసివ్వాలన్నాను కదా. ఒక చీటీ మీద, పాలవాడి లెక్క రాసినట్టు రాయండి. చప్పుడు నిలబడ్డప్పుడా, కదిలినప్పుడా. ఎంత వేగంలో మొదలు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా. ఎడమకా, కుడికా. తొక్కితేనా, బ్రేకు వేస్తేనా. ఎప్పటినుంచి, దానికి ముందు ఏం జరిగింది, గుంతలో పడిందా, టైరు మార్చారా. మీరు వెనక కూర్చుని ఫోన్లో రికార్డు చేస్తే ఇంకా మంచిది, స్పీడు ఎంతో నోటితో చెబుతూ. ఆ చీటీలో మాటలు జాబ్ కార్డు మీద ఎక్కాకే సంతకం పెట్టండి. ‘‘అన్నా, ఒకసారి మాతో పాటు ఎక్కి వినండి’’ అని మెకానిక్కుని ట్రయల్‌కి పిలవండి. వినకుండానే పార్టు పేరు చెబితే ‘‘అదే అని ఎలా తెలిసింది?’’ అని నెమ్మదిగా అడగండి. ‘‘ఇది మార్చినా చప్పుడు పోకపోతే?’’ అని కూడా. తెలిసినవాడు విసుక్కోడు, చూపిస్తాడు.

కొన్నిటికి చీటీలూ రాతలూ వద్దు, బండి అక్కడే పక్కకి ఆపాలి. ఎర్ర ఆయిలు దీపం వెలిగి లోపల టకటకమంటే ఇంజను వెంటనే కట్టేయాలి. టైరు మార్పించిన మర్నాడు ఒక చక్రం దగ్గర ‘కటక్ కటక్’మంటే నట్లు బిగించలేదేమో చూడాలి. గుంతలో పడ్డాక వేగంతోపాటు ‘ధబ్ ధబ్’మని కొడుతుంటే టైరు పక్కన బుడిపె లేచిందేమో తడిమి చూడాలి. లేస్తే ఆ టైరుతో ఇంటిదాకా కూడా వద్దు, స్టెప్నీ వేయించండి. ఇంజను దీపం ఆరి వెలుగుతూ బండి జర్కులిస్తుంటే కాలు తేల్చి, పక్కకి తీయాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజైతే ఆటో పిలిపించుకోండి.

బండి తీసుకునేటప్పుడు పాత పార్టు అడిగి తీసుకోండి. బేరింగైతే వేలితో తిప్పి చూడండి, ఆ గరగర మీకే తెలుస్తుంది. డిక్కీలో వేసేటప్పుడు మాత్రం ఏ పాత గుడ్డలోనో చుట్టి పెట్టండి. లేకపోతే ఇంటికెళ్ళేదాకా అది గలగలలాడి, ‘‘అమ్మా, చప్పుడు మళ్ళీ మొదలైంది’’ అంటాడు మీ అబ్బాయి!